గేరాయిల్ మారుస్తున్నంతసేపూ క్షేమమే!

లోకంలో అన్నిటికన్నా క్షేమమైన బండి ఏదో చెప్పండి చూద్దాం!

ఎయిర్ బ్యాగులున్నదా? కాదు. కొత్త బ్రేకులు వేయించిందా? కాదు. చక్రాలు నేలకి ఆనని బండి! స్టాండ్ల మీద ఎక్కి, పొట్ట విప్పించుకుని, కింద బేసిన్ పెట్టుకుని కూర్చున్న బండి. అలాంటి బండి ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదు. ఏ లోయలోనూ పడలేదు. ఎదురుగా వచ్చే లారీతో పంతానికి పోలేదు.

అందుకే ఈరోజు తల్లులందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. బండి ఉన్న కొడుకు మీకుంటే, గేరాయిల్ ఇంట్లోనే మార్పించండి. వాడి చేతే మార్పించండి. వీలైతే వారం వారం మార్పించండి!

నన్ను పెద్ద చదువరిని అనుకోకండి. తొమ్మిదో క్లాసు దాకా చదివాను. పదో క్లాసు కూడా అయ్యేదే. పరీక్ష హాల్లో సరిగ్గా నా బల్ల మీద ఫ్యాను ఊగుతూ ఉండేది. దాన్ని చూస్తూ కూర్చుంటే జవాబులెక్కడ రాస్తాం? ఆ ఫ్యాను ఇప్పటికీ పడలేదట. పడనంత మాత్రాన పడదని గ్యారంటీ ఏముంది?

భయపడడంలో మాత్రం నాకు డిగ్రీలవాళ్లు సాటిరారు. కుక్కరు విజిల్ వేస్తే నాకు భయం. వెయ్యకపోతే ఇంకా భయం.

ఇలాంటి నా కడుపున పుట్టి మావాడు ఏం చేశాడు? సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్నాడు. ఫర్నిచర్ షాపుకి బీరువాలూ మంచాలూ తోలతాడు. అందులోనూ అది ఆటోమేటిక్ గేర్ల బండి.

"అంటే ఏమిట్రా?" అన్నాను.

"గేర్లు వాటంతటవే మారతాయమ్మా."

ఎవరూ చెప్పకుండా వాటంతటవే మారిపోతాయా? ఈ ఇంట్లో పదిసార్లు మొత్తుకుంటే గానీ మా ఆయన బనీను మార్చరు. అలాంటిది ఓ ఇనప ముక్క బుద్ధిగా, వేళకి, అడక్కుండా మారుతుందంటే నమ్మొచ్చా? దాని మనసులో ఏదో ఉందన్నమాటే!

ఉంది కూడా. ఈమధ్య దానికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. గేరు మారినప్పుడల్లా బండి మొత్తం ఒక్క కుదుపు కుదుపుతోంది. ఆయిల్ పాతబడిందని, మార్చాలని మెకానిక్ తేల్చాడు.

సరిగ్గా అప్పుడే మావాడికి కొత్త బేరం వచ్చింది. కొండ మీద కొత్తగా బడి కట్టారు. దానికి బల్లలు చేరవెయ్యాలి. సోమవారం పొద్దున బయల్దేరాలి. ఈ ఒక్క లోడూ సరిగ్గా చేరిస్తే ఆ బడి పనంతా వీడిదే. చేర్చకపోతే ఇంకొకడిది.

ఆ కొండదారి నేనెప్పుడూ చూడలేదు. చూడక్కర్లేదు కూడా. కళ్లు మూసుకుంటే మలుపులన్నీ కనిపిస్తాయి. ఒక్కో మలుపు దగ్గరా ఒక్కో లారీ నా బిడ్డ కోసమే కాచుకుని ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి. గేరాయిల్ మార్చడం వరం అవునా, కాదా?

మెకానిక్ దగ్గర వదిలితే ఏమవుతుంది? సాయంత్రానికల్లా బండి చేతికొచ్చేస్తుంది! ఎంత ప్రమాదం! అదే వీడియో చూసి ఇంట్లో మొదలుపెడితే, ఎప్పటికవుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. వీడియోలు చూసి జనం చెడిపోతున్నారని అందరూ అంటారు. నేను మాత్రం ఆ వీడియోలు తీసేవాళ్లని చల్లగా ఉండమని దీవిస్తాను. వీడియోలో ఆ మనిషి నవ్వుకుంటూ, చొక్కా నలగకుండా, టీ మరిగేంతలో పని ముగించేశాడు. మా ఇంట్లో శనివారం పొద్దున మొదలైంది. మధ్యాహ్నానికి మొదటి నట్టు ఊడింది.

ఆ పూట ఎంత హాయిగా గడిచిందనుకున్నారు! ఎప్పుడూ ఇంటి పట్టున ఉండని కొడుకు, వాకిట్లో బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. బయటికి రెండు పాదాలే కనిపిస్తున్నాయి. గుమ్మంలో పీట వేసుకుని, ఆ పాదాల్నే చూసుకుంటూ కూరగాయలు తరుక్కున్నాను. పాదాలు కదిలితే క్షేమం. కదలకపోతే కత్తిపీట పక్కన పెట్టి కేకేసేదాన్ని.

"నాన్నా, బాగానే ఉన్నావా?"

"ఆ."

"కళ్లలో ఏం పడలేదు కదా?"

"ఊహూఁ."

"ఆకలేస్తోందా?"

"ఆ."

చూశారా? అడిగిన ప్రతిదానికీ జవాబు! బండి తోలుతున్నప్పుడు ఫోన్ చేస్తే ఈ 'ఆ' కూడా ఉండదు. ఎవరో ఒకావిడ పలికి, ఈ నంబరు అందుబాటులో లేదంటుంది. ఆవిడకేం, ఆవిడ కొడుకు ఇంట్లోనే ఉండుంటాడు.

అలాగని నేను భయాన్ని పక్కన పెట్టాననుకోకండి. స్టాండ్లు ఇనపవేనట. అయితే మాత్రం? ఇనుము వంగదా? అందుకని బండి కింద అటో దుంగ, ఇటు నాలుగు ఇటుకలు, మా ఆయన ఒళ్లు తగ్గుతానని కొని ఒక్కరోజైనా ఎత్తని డంబెల్స్, ఒక పాత కుట్టుమిషను స్టాండు చేర్చాను. ఆఖరికి మావాడికి చోటు చాల్లేదు.

"హెల్మెట్ పెట్టుకోరా," అన్నాను.

"పెట్టుకుంటే తల దూరదమ్మా."

"దూరకపోతే మానెయ్!"

"ఏమే, వాణ్ని పని చేసుకోనియ్యవా?" అన్నారు మా ఆయన కుర్చీలోంచి. సూపర్‌వైజర్ ఆయనే. పనేమిటంటే ఫోన్ పట్టుకుని వీడియో ఆపడం, నడపడం. మావాడు పానా అడిగితే ఆయన వీడియో ఆపుతారు. వీడియో అడిగితే పానా అందిస్తారు.

ఇక అసలు ఘట్టం. గేరుపెట్టె అడుగున రేకు పళ్లెం లాంటిదొకటి ఉంటుంది. దాని నట్లు ఒక మూల నుంచి మెల్లగా వదులు చేస్తే ఆయిల్ సన్నటి ధారగా బేసిన్లోకి దిగాలట. వీడియోలో అలాగే దిగింది. మా ఇంట్లో మాత్రం పళ్లెం పళ్లెమంతా ఒక్కసారి వాలింది. అదృష్టం బాగుండి ఎక్కువ భాగం బేసిన్లోనే పడింది. మిగిలింది మావాడి మొహాన పడింది.

వాడు లేచి ఒళ్లు కడుక్కుని, పళ్లేనికి కొత్త గాస్కెట్ తేవడానికి బజారుకెళ్లాడు. సూపర్‌వైజరు గారు అలిసిపోయి నడుం వాల్చారు. వాకిట్లో నేనూ, నా బట్టలు నానబెట్టే బేసినూ, దాని నిండా నల్లటి ఆయిలూ మిగిలాం.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. బాధ్యత గల ఆడది ఇలాంటప్పుడు ఏం చేస్తుంది?

గేరాయిల్ అంత తేలిగ్గా అంటుకోదని వీడియోలో మనిషి చెప్పాడు. అంత తేలిగ్గా అంటే ఏమిటండీ అర్థం? కాస్త కష్టపడితే అంటుకుంటుందనేగా! గోడ అవతల నడిచే వాడెవడో సిగరెట్టు విసిరితే? పిల్లి వచ్చి మునిగితే? ఆ మునిగిన పిల్లి లేచి వంటింట్లోకి పరిగెడితే, అక్కడ స్టవ్వు వెలుగుతుంటే?

అపాయాన్ని అంతా ఒకే చోట ఉంచకూడదు. అందుకని పంచేశాను. కొంత పాత పెయింటు డబ్బాలో పోసి బాత్రూమ్ వెనక పెట్టాను. కొంత పప్పుల డబ్బాలో పోసి మేడమెట్ల కింద దాచాను. ఇంకొంత, మూత పోయిన టిఫిన్ క్యారేజీ గిన్నెలో పోసి నీళ్ల ట్యాంకు పక్కన ఉంచాను. బేసిన్లో సగానికి సగం తగ్గింది. నా గుండె బరువు కూడా అంతే తగ్గింది.

మావాడు తిరిగొచ్చి, పళ్లెం బిగించి, దిగిన ఆయిల్ కొలవడానికి కూర్చున్నాడు. ఎంత దిగిందో అంతే కొత్తది పొయ్యాలట. పాలు కొలిచే చెంబుతో కొలిచాడు.

"ఇంతేనా? నేను ఇంకా చాలా ఉందనుకున్నానే!"

మా ఆయన బేసిన్లోకి తొంగిచూసి, గొంతు సవరించుకుని, "పాత ఆయిల్ కదా. వేడికి ఇగిరిపోయుంటుంది," అని తేల్చేశారు.

పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, తెలియని విషయం మీద ఆయనకున్నంత ధైర్యం తెలిసిన విషయం మీద ఉండదు.

కొత్త డబ్బా మూత తీసి గరాటులో పోస్తుంటే ఎర్రగా, చిక్కగా దిగింది. "రక్తం!" అని అరిచాను. ఎదురింటి టైలరమ్మ మెళ్లో టేపుతో, చేతిలో కత్తెరతో పరిగెత్తుకొచ్చింది. కొత్త గేరాయిల్ రంగే అంతని తెలిసి, నన్నొకసారి, బండినొకసారి చూసి వెళ్లిపోయింది. కంగారు పడ్డది నేను. కత్తెర పట్టుకుని పరిగెత్తింది ఆవిడ. ఎవరు ప్రమాదకరమో మీరే చెప్పండి!

పోశాక, ఆయిల్ సరిపోయిందో లేదో చూడ్డానికి పొడుగాటి పుల్ల ఒకటుంటుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, గేర్లన్నీ ఒకసారి వేసి, బాగా వేడెక్కాక ఆ పుల్ల తీసి చూడాలని వీడియోలో చెప్పాడు. మావాడు తాళం తిప్పాడు. బానెట్ కింద బెల్టులు గిర్రున తిరుగుతున్నాయి. వాడేమో చెయ్యి లోపల పెట్టబోతున్నాడు!

"ఆపరా! తిరిగే ఇంజన్లో చెయ్యి పెడతావా? ముందు ఆపు!"

"ఆన్‌లో ఉంటేనే కరెక్టుగా తెలుస్తుందమ్మా. వీడియోలో..."

"ఆ వీడియో వాడికి అమ్మ లేదు కాబట్టి చేశాడు. నీకుంది!"

వాడు ఆకాశంవైపు ఒకసారి చూసి, ఇంజన్ ఆపేశాడు. అప్పుడు పుల్ల తీసి చూస్తే గీత దాకా నిండుగా ఉంది. చూశారా, చెయ్యీ దక్కింది, ఆయిలూ సరిపోయింది!

బండిని స్టాండ్ల మీంచి దించారు. మావాడు సీట్లో కూర్చుని గేరు వేసి, కాలు నొక్కాడు. ఇంజను లోకం దద్దరిల్లేలా అరిచింది. వీధిలో కుక్క లేచి నిలబడింది. మేడ మీద ఆరేసిన దుప్పటి వణికింది. బండి మాత్రం ఇంచి కూడా కదల్లేదు! భోజనానికి పిలిస్తే ఇంట్లో మగవాళ్లు "వస్తున్నా, వస్తున్నా" అంటూ కూర్చున్నచోటే ఉంటారు చూడండి, అచ్చం అలాగే.

మావాడి మొహం పాలిపోయింది. నా మొహం సంగతి నేను చూసుకోలేదు గానీ, వెలిగే ఉంటుంది.

మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"ఆయిల్ తక్కువ పోసుంటారు. దిగిందెంత, పోసిందెంత?" అన్నాడు అవతలివాడు.

"ఎంత దిగిందో అంతా కొలిచి పోశానన్నా. పుల్ల మీద కూడా నిండుగానే ఉంది."

"మరైతే లోపల ఇంకేదో పోయింది. మంగళవారం తోసుకురండి, విప్పి చూస్తా."

మంగళవారం! ఆ మాట చెవిన పడగానే ఎక్కడ లేని చల్లదనం. అంతలోనే పెయింటు డబ్బా, పప్పుల డబ్బా, క్యారేజీ గిన్నె వరసగా కళ్లముందు కదిలాయి. బండి ఎందుకు కదల్లేదో నాకు అర్థమైంది. నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. నన్నెవరైనా అడిగారా? ఈ ఇంట్లో నన్నెప్పుడు ఎవరు ఏమడిగారు గనక! అడక్కుండా చెబితేనేమో, అన్నిటికీ అడ్డొస్తానంటారు.

ఆదివారం పొద్దున మళ్లీ బండి స్టాండ్లెక్కింది. మళ్లీ పాదాలు. మళ్లీ నా పీట. తండ్రీకొడుకులు నట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. సంవత్సరం మొత్తం మీద వాళ్లిద్దరూ "కరెంటు బిల్లు", "ఆ" తప్ప మాట్లాడుకున్నది నాకు గుర్తులేదు. వేడి వేడిగా వడ్డిస్తే మావాడు వేడి వేడిగానే తిన్నాడు. ఇలాంటి ఆదివారం ఇచ్చిన ఆయిల్‌ని ఎలా తిట్టను?

కానీ వాడు తింటూ తింటూ కంచంలో వేలితో మలుపులు గీస్తున్నాడు. ఆ కొండదారి.

"ఆ పని పోయినట్టేనమ్మా," అన్నాడు మెల్లగా. "మొదటి లోడుకే మొహం చాటేస్తే మళ్లీ పిలుస్తారా ఎవరైనా?"

"పోతే పోనీరా. ప్రాణం కన్నా ఎక్కువా?" అన్నాను. పెరుగు ఇంకొంచెం వేశాను. అదెందుకో నాకే పుల్లగా అనిపించింది.

అప్పుడొచ్చాడండీ వాడి స్నేహితుడు! వాణ్ని అందరూ రాకెట్టు అంటారు. వాడికీ ఓ బండి ఉంది. వాడి బండిలో బ్రేకు చేసే పనంతా హారనే చేస్తుంది. ఒకవైపు అద్దం లేదు. ఎందుకురా అంటే, "వెనక ఏముంటే మనకెందుకాంటీ, మనం ముందుకేగా వెళ్లేది!" అంటాడు. స్టీరింగ్ మోకాలితో తిప్పుతూ, చేతులతో తలదువ్వుకోవడం నేను కళ్లారా చూశాను.

"బాధపడకు రా మావా," అన్నాడు మావాడి భుజం మీద చరిచి. "నా బండి లేదూ? రేపు బల్లలన్నీ దాంట్లో వేసేద్దాం. నువ్వు నా పక్కన కూర్చో. చీకటితో బయల్దేరితే వెలుతురొచ్చేసరికి కొండ మీదుంటాం!"

"నిజంగానా?" మావాడి కళ్లు మెరిశాయి.

"మలుపుల దగ్గర స్పీడు తగ్గించకూడదు రా, అదే కిటుకు."

ఆ రాకెట్టు పక్కన నా బిడ్డ! ఆ మలుపుల్లో! హారన్‌ని నమ్ముకుని!

ఇక ఆలోచించలేదు. బాత్రూమ్ వెనక్కి పరిగెత్తాను. మేడమెట్ల కిందికి, అట్నుంచి నీళ్ల ట్యాంకు దగ్గరికి. ఒక చేతిలో పెయింటు డబ్బా, ఒక చేతిలో క్యారేజీ గిన్నె, చంకలో పప్పుల డబ్బాతో వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాను. చీరంతా నల్లటి మరకలు.

"ఏంటమ్మా ఇది?"

"నీ గేరాయిలు."

ముందుగా తేరుకున్నది మా ఆయనే.

"వేడికి ఇగిరిపోయిందనుకున్నాం. నడిచొచ్చిందే!"

మావాడు నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెంబు తీసుకుని ఆ మూడింటిలోదీ కొలవడం మొదలుపెట్టాడు. మధ్యలో భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. వాడు నవ్వాపుకుంటున్నాడు!

కొలిచినంత కొత్తది పోశాడు. ఈసారి ఇంజను ఆన్‌లోనే పుల్ల తీశాడు; ఆపి చూస్తే ఆయిలంతా అడుక్కి దిగి, తక్కువున్నా నిండుగా చూపిస్తుందట. నేను వెనక నుంచి వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆ బెల్టులు వాణ్ని లాక్కెళితే నన్ను కూడా కలిపి లాక్కెళ్లాలి కదా! స్టాండ్ల మీంచి దించి గేరు వేయగానే బండి పెరుగు మీద గరిటె జారినట్టు జారింది. కుదుపు లేదు. ఎక్కిళ్లు లేవు. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది.

ఛీ, ఏం ఆయిలో! అంత బాగా పనిచెయ్యకపోతేనేం?

సోమవారం పొద్దున మావాడు బల్లలు కట్టుకుని బయల్దేరాడు. రాకెట్టు పక్క సీట్లో కూర్చున్నాడు. మోకాలికి పని లేకుండా ఒళ్లో నీళ్ల క్యాను పెట్టాను.

"చేరగానే ఫోన్ చెయ్యి," అన్నాను.

"సరే," అన్నాడు మావాడు. వాడి 'సరే' నాకు కొత్తా? ఇంతవరకూ ఒక్కసారి చేస్తే ఒట్టు!

ఇప్పుడడుగుతున్నాను, పాఠకులారా. గేరాయిల్ ఎలా మార్చాలో వీడియో ఉంది. నట్టు తుప్పు పడితే ఎలా విప్పాలో వీడియో ఉంది. ఆఖరికి టై ఎలా కట్టుకోవాలో కూడా ఉంది, మా ఆయన చూపించారు. మరి ఊరు చేరాక బండాపి, ఫోన్ తీసి, "అమ్మా, చేరాను" అని రెండంటే రెండు ముక్కలు ఎలా చెప్పాలో ఒక్కడు ఒక్క వీడియో చేశాడా? దానికి జాకీ అక్కర్లేదు. గరాటు అక్కర్లేదు. మొహాన ఆయిల్ పడదు. అంత తేలిక పని ఏ కొడుక్కీ రాదేం? వాడా ముక్క నేర్చుకుని ఉంటే నాకీ బేసిన్లెందుకు, డబ్బాలెందుకు, ఈ వరాలెందుకు?

ఇంతవరకూ రాసి, కాగితం మడవబోతుంటే ఫోన్ మోగింది. మావాడే!

"అమ్మా, చేరాను."

కాగితం వదిలేసి లేచి నిలబడ్డాను.

"ఏమైంది?"

"ఏం కాలేదు. చేరాననే చేశా. చెయ్యమన్నావుగా?"

"ఎప్పుడూ చెయ్యనివాడివి ఇవాళ ఎందుకు చేశావు? దెబ్బ ఎక్కడ తగిలింది? నిజం చెప్పు నాన్నా, ఆ రాకెట్టు తోలాడా?"

"లేదమ్మా, నేనే తోలా. బల్లలు దించుతున్నారు. బండి వెన్నలా నడిచింది. ఉంటా."

పెట్టేశాడు. 'ఉంటా' అంటాడేమిటి? ఉండకపోవడమనే మాట ఎందుకొచ్చింది అసలు? ఎక్కడం సరే. మరి దిగాలి కదా, దిగేటప్పుడు?

లాభం లేదు. మళ్లీ శనివారం ఆయిల్ మార్చాల్సిందే. బేసిన్ తోమి ఎండలో పెట్టాను. డబ్బాలు కూడా.